మొదటి బేస్ జంప్‌కి పారాచూట్ ఎలా తెరుచుకోవాలి: ఏడేళ్ళు నాలుగు పద్ధతులూ వాడాక నా మాట

చివర్లో చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. బేస్ జంప్ అంటే విమానం నుంచి కాకుండా వంతెన, భవనం, కొండ లాంటి చోట్ల నుంచి పారాచూట్‌తో దూకడం. మొదటిసారికి పీసీఏ (పైలట్ చూట్ అసిస్ట్) తీసుకోండి, అంటే పెద్ద పారాచూట్‌ని బయటికి లాగే మీ చిన్న గొడుగుని, పైలట్ చూట్‌ని, వెనక నిలబడ్డ మనిషి పట్టుకునే పద్ధతి. అయితే ఆ మనిషి ఎవరో, ఎంతమందికి పట్టాడో తెలుసుకునే తీసుకోండి. అలాంటి మనిషి దొరక్కపోతే స్టాటిక్ లైన్, అంటే మనిషి చేతి బదులు తాడుతో వంతెనకి కట్టే పద్ధతి. పైలట్ చూట్‌ని మీరే చేత్తో పట్టుకుని విసరడం మూడు నాలుగు జంపులయ్యాక, అది కూడా మీ వీడియో చూసి గురువు సరే అన్నాకే. వీపు కింద పౌచ్‌లోంచి తీసి విసిరే పద్ధతి గురించి మొదట్లో అసలు ఆలోచించొద్దు.

నేను అమెరికాలో, ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో ఉద్యోగం చేస్తాను. అక్కడి నుంచి ట్విన్ ఫాల్స్‌కి కారులో రెండు గంటలు. ఆ ఊరి అంచున స్నేక్ నది మీద పెర్రైన్ వంతెన ఉంది, నీళ్ళ నుంచి 486 అడుగుల ఎత్తు, అంటే 148 మీటర్లు. ఏడాది పొడవునా పర్మిట్ లేకుండా దూకనిచ్చే వంతెన కాబట్టి అమెరికాలో బేస్ నేర్చుకునేవాళ్ళు చాలామంది అక్కడికే వస్తారు. ఏడేళ్ళలో నేను పీసీఏ మీద 30 పైన, స్టాటిక్ లైన్ మీద 14, చేత్తో విసిరినవి 200 దగ్గర, పౌచ్‌లోంచి తీసినవి 40 దాకా చేశాను. ఇవి కాక వేరేవాళ్ళ పైలట్ చూట్ పట్టుకుని నిలబడ్డది 80 సార్లు ఉంటుంది. నా అభిప్రాయం ఎక్కువగా వాటిలోంచే వచ్చింది, ఎందుకంటే మనం దూకేటప్పుడు మన వెనక ఏం జరిగిందో మనకి కనపడదు, పట్టుకున్నవాడికి మొత్తం కనపడుతుంది.

ఈ ఆట కొత్తవాళ్ళ కోసం నాలుగు మాటలు. స్కైడైవింగ్‌లో రెండు పారాచూట్లు ఉంటాయి, బేస్‌లో ఒక్కటే, రిజర్వ్ లేదు. వీపున ఉన్న కంటైనర్‌ని రెండు పిన్నులు మూసి ఉంచుతాయి. పైలట్ చూట్ అనే చిన్న గొడుగు, దాన్ని పెద్ద పారాచూట్‌కి కలిపే బ్రిడిల్ అనే పొడవాటి పట్టీ, దాదాపు తొమ్మిది అడుగులు. బ్రిడిల్ బిగుసుకుంటే పిన్నులు ఊడతాయి, కంటైనర్ తెరుచుకుంటుంది, పారాచూట్ బయటికి వస్తుంది, దారాలు సాగుతాయి, గాలి నిండుతుంది. నాలుగు పద్ధతుల్లోనూ జరిగేది ఇదే. బ్రిడిల్‌ని మొదట లాగేది ఎవరు, ఎప్పుడు అన్నదగ్గరే తేడా.

పోయిన చలికాలం హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నాకు స్కైడైవింగ్‌లో 220 జంపులున్నాయి, ప్రతిసారీ పైలట్ చూట్ నేనే విసిరాను, మరి బేస్‌లో ఇంకొకరు పట్టుకోవడం దేనికి?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే, స్కైడైవింగ్ నుంచి వచ్చిన వాళ్ళలో చాలామందికి ఇదే అనుమానం. వాడికి చెప్పింది ఇక్కడా రాస్తున్నాను. విమానం నుంచి దూకి పారాచూట్ తీసే సమయానికి మీరు గంటకి 190 కిలోమీటర్ల వేగంతో పడుతుంటారు. ఆ గాలిలో పైలట్ చూట్‌ని వదిలితే చాలు, అదే లాక్కుని పోతుంది. వంతెన మీంచి అడుగు తీసిన ఒక సెకనుకి మీ వేగం గంటకి 35 కిలోమీటర్లు, మన ఊళ్ళో స్కూటర్ అంత. రెండు సెకన్లకి 70. ఆ కాస్త గాలిలో పైలట్ చూట్‌ని పక్కకి, దూరంగా, గట్టిగా విసరాలి. లేకపోతే అది మీ వీపు వెనక గాలి ఆడని చోట ఊగిసలాడుతుంది. మీ 220 జంపుల్లో మీ చెయ్యి నేర్చుకున్నది వదలడం, విసరడం కాదు.

ఇంకోటి. విమానం తలుపు దగ్గర గాలి ముందే ఉంటుంది, దాని మీద చేతులు ఆనించి ఒంటిని సర్దుకోవచ్చు. వంతెన దగ్గర మొదటి సెకనులో ఆనుకోవడానికి ఏమీ ఉండదు. అంచు వదిలేటప్పుడు ఒళ్ళు ఏ కొంచెం ముందుకి తూలినా ఆ తూలడం అలాగే పెరుగుతుంది, మధ్యలో ఆపడం కొత్తవాళ్ళ వల్ల కాదు. ఆ సమయంలో కుడి చేత్తో బలంగా విసిరితే ఒళ్ళు ఇంకా తిరుగుతుంది. నేరుగా నిలబడినట్టు, తల పైకి, ఛాతీ ముందుకి, రెండు చేతులూ సమానంగా. మొదటి జంప్‌లో ఇదొక్కటి సరిగ్గా చేస్తే చాలు, ఇంకో పని పెట్టుకోకూడదు. పీసీఏ, స్టాటిక్ లైన్ రెండూ మనకి ఇచ్చేది ఇదే, చేతులకి పని లేకుండా చేస్తాయి.

నా మొదటి జంప్ పీసీఏ. రెయిలింగ్ దాటి బయటి అంచున నిలబడి వెనక్కి చూడొద్దు అన్నారు, చూడలేదు. టెన్షన్ వల్ల కాళ్ళు చల్లబడిపోయాయి. మూడు లెక్కపెట్టి అడుగు వేశాను, వీపు మీద పట్టీ సర్రున పోయిన చప్పుడు, భుజాల దగ్గర ఒక లాగు, తల ఎత్తి చూస్తే పారాచూట్ నిండుగా ఉంది. మొత్తం రెండు మూడు సెకన్లు. కింద నది ఇంకా చాలా దూరంలో ఉంది, ఒడ్డు ఎటుందో చూసుకోవడానికి, తిరగడానికి, దిగడానికి ఇరవై సెకన్ల పైన టైమ్ దొరికింది. కొత్తవాళ్ళకి ఆ ఎత్తు పెద్ద ఆస్తి. పారాచూట్ తెరుచుకున్నాక తప్పు దిక్కుకి తిరిగి ఉన్నా, పట్టీ ఎక్కడైనా చుట్టుకున్నా, ఆలోచించుకోవడానికి మీకు మిగిలేది ఆ ఎత్తే.

పీసీఏలో లోపం కూడా చెప్పాలి, నా మీదికే వచ్చింది కాబట్టి. ఆరో జంప్‌కి మా అసలు గురువు కింద ల్యాండింగ్ దగ్గర ఉన్నాడు, వేరే ఒకతను పట్టుకుంటానన్నాడు, సరే అన్నాను. అతను ఎన్నిసార్లు పట్టాడో అడగలేదు. దారాలు పూర్తిగా సాగేదాకా పైలట్ చూట్ చేతిలోనే ఉండాలి, ఆ లాగుకి అదే ఊడి రావాలి, అదీ పద్ధతి. అతను వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు, పిన్నులు ఊడీ ఊడకముందే జారిపోయింది. పెద్ద సైజు పైలట్ చూట్, 42 అంగుళాలది, కాబట్టి అదే గాలి పట్టి నా పారాచూట్‌ని తీసింది, కానీ ఆలస్యంగా, కిందగా, పైగా పక్కకి తిరిగి. నేను ఒడ్డు అందుకోలేక నదిలో దిగాను. లైఫ్ జాకెట్ ఉంది, పడవలో ఉన్నవాళ్ళు వచ్చి తీశారు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే పడవలోకి ఎక్కాక కూడా బకిల్ తీయడానికి వేళ్ళు వంగలేదు. ఆ రోజు తర్వాత ఎవరు పట్టుకుంటున్నారో, ఎలా పట్టుకుంటారో నేరుగా అడుగుతున్నాను. ఇందులో మొహమాటం పనికిరాదు. మన వాళ్ళకి పెద్దవాళ్ళని, అనుభవం ఉన్నవాళ్ళని "మీకు వచ్చా?" అని అడగడం కష్టం, నాకూ కష్టమే, అయినా అడగాలి.

నేను పట్టుకునేటప్పుడు ఏం చేస్తానో చెబితే మీరు దేని కోసం చూడాలో తెలుస్తుంది. ముందు వాచీ, ఉంగరం, చేతికున్న కాశీ దారం అన్నీ తీసి జేబులో వేసుకుంటాను. పైలట్ చూట్ నెత్తి భాగాన్ని గుప్పిట నిండా పట్టుకుంటాను. బ్రిడిల్ నా మణికట్టు మీదా రెయిలింగ్ మీదా ఎక్కడా చుట్టుకోలేదని, దూకేవాళ్ళ భుజం మీంచో చంక కిందనుంచో తొడ పట్టీ కిందనుంచో పోలేదని, పిన్ను నుంచి నా చేతి దాకా వేలితో తడుముతూ చూస్తాను. అదయ్యాక బయటికి గట్టిగా "బ్రిడిల్ ఎక్కడా చుట్టుకోలేదు" అంటాను, దూకేవాళ్ళు ఆ మాట విన్నాకే లెక్క మొదలుపెట్టాలి. చెయ్యి బయటికి చాపి ఉంచుతాను, లాగను, విసరను. బావిలోకి బొక్కెన జారేటప్పుడు తాడు కొస పట్టుకున్నవాడు ఎలా నిలబడతాడో అలా నిలబడటమే. మిమ్మల్ని పట్టుకునేవాళ్ళు వీటిలో ఏది వదిలేసినా ఆగి అడగండి. రెయిలింగ్ వెనక్కి దాటి లోపలికి వచ్చేయడం తప్పేమీ కాదు.

స్టాటిక్ లైన్‌లో మనిషి చేతి బదులు వంతెనకే కడతారు. మధ్యలో బ్రేక్ కార్డ్ అనే సన్నటి తాడు, మేం వాడింది 80 పౌండ్లకి తెగేది, అంటే 36 కిలోల దగ్గర. పిన్నులు ఊడదీసి పారాచూట్‌ని బయటికి లాగేంత బలం దానికి ఉంటుంది, ఆ తర్వాత మీ బరువుకి తెగిపోతుంది. దీనిలో నాకు నచ్చేది ఏంటంటే తాడుకి అలసట లేదు, ధ్యాస మళ్ళదు, పక్కన ఎవరో పలకరిస్తే తల తిప్పదు. నా 14 జంపుల్లో ఓపెనింగ్ ప్రతిసారీ ఒకేలా వచ్చింది. తక్కువ ఎత్తుల్లో అనుభవజ్ఞులు కూడా దీన్నే నమ్ముకునేది అందుకే. కానీ కట్టడం ఒక విద్య. ఎక్కడ కట్టాలి, ఎన్ని చుట్లు, ఏ ముడి, ఎంత వదులు, ఇవన్నీ తెలిసినవాళ్ళే కట్టాలి, కట్టింది ఇంకొకరు చూడాలి. ఒకసారి మాకు కట్టిచ్చిన తాడు ఇనుప అంచుకి ఒరుసుకుని పోగులు లేచి ఉంది, లెక్క మొదలుపెట్టే ముందు నా పక్కనున్న అమ్మాయి చూసింది. విప్పి వేరే చోట కొత్త తాడుతో కట్టారు. అంతకుముందే ఎవరూ చూడకపోతే ఏమయ్యేదో నాకు ఊహించుకోవాలని లేదు.

అందుకే మంచి మనిషికీ మంచి తాడుకీ మధ్య నేను మనిషినే ఎంచుకుంటాను, ఆ మనిషి మిమ్మల్ని చూస్తాడు కాబట్టి. హెల్మెట్ బకిల్ పెట్టుకోలేదని, ఊపిరి బిగబట్టారని, గాలి మారిందని తాడు చెప్పదు.

ఇక చేత్తో విసరడం. నేను ఎక్కువగా చేసేది ఇదే, ఇష్టమైనదీ ఇదే. పైలట్ చూట్‌ని మడిచి కుడి గుప్పిట్లో పెట్టుకుని దూకి, ఒక సెకనో రెండు సెకన్లో ఆగి విసరాలి. గోదావరి కాలవల మీద వల విసిరేవాళ్ళని చూశారా, వాళ్ళు మణికట్టుతో విసరరు, భుజం దగ్గర్నుంచి చెయ్యి మొత్తం తిరుగుతుంది, వల దూరంగా వెళ్ళి విచ్చుకుంటుంది. అచ్చం అలా. ఇంట్లో మంచం మీదికి బొంతలు వేసుకుని నేను వందలసార్లు విసిరి ఉంటాను. అయినా మొదటిసారి నిజంగా దూకినప్పుడు గుప్పిట తెరుచుకోలేదు. ఒకటి అని లెక్కపెట్టి విసరాల్సింది, భయానికి వేళ్ళు బిగుసుకుపోయి రెండు దాటాకే విసిరాను. కాగితం మీద సెకను చాలా చిన్నది. మొదటి సెకనులో మీరు పడేది 5 మీటర్లే, రెండు సెకన్లకి 20, మూడు సెకన్లకి 44 మీటర్ల దగ్గర, ఏమీ తెరవకపోతే నీళ్ళని చేరడానికి అయిదున్నర సెకన్లు. విసిరాక కూడా పారాచూట్ బయటికి వచ్చి నిండటానికి ఇంకా టైమ్ పడుతుంది. మూడో సెకనుని పోగొట్టుకుంటే ఎంత పోతుందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. నా వేళ్ళు బిగుసుకున్నది నాలుగైదు పీసీఏ జంపుల తర్వాత, అప్పటికి నా ఒళ్ళు నిలకడగా పడటం నేర్చుకుంది, కాబట్టి ఆలస్యంగా విసిరినా నేరుగానే తెరుచుకుంది. అదే మొదటి జంప్ అయ్యుంటే తల కిందికి తూలుతూ విసిరేవాణ్ణి, దారాలు కాళ్ళకి చుట్టుకునే ప్రమాదం ఉండేది.

పౌచ్ పద్ధతి గురించి తక్కువే చెబుతాను. చెయ్యి వెనక్కి పెట్టి వెతికి తీసి విసరడానికి అదనంగా టైమ్ కావాలి, పైగా చెయ్యి ఒక్కటే వెనక్కి వెళ్తే ఒళ్ళు తిరుగుతుంది. ఎక్కువ సేపు పడే చోట్ల అది బాగుంటుంది. నార్వేలో షెరాగ్ కొండ మీంచి, దాని అంచు కింద నీళ్ళ నుంచి 984 మీటర్ల ఎత్తు, నేను అలాగే చేశాను, గాలి బాగా వేగం అందుకున్నాక పైలట్ చూట్ చేతికి హాయిగా దొరికింది. పెర్రైన్ మీద కొత్తవాళ్ళు దాన్ని ఎంచుకోవడానికి నాకు ఒక్క కారణం కనపడదు.

వెస్ట్ వర్జీనియాలో న్యూ రివర్ గార్జ్ వంతెన మీద ఏటా అక్టోబర్ మూడో శనివారం జరిగే బ్రిడ్జ్ డేకి, అంటే ఆ వంతెన మీంచి బేస్ జంపులు చేయనిచ్చే పండగకి, కూడా ఒకసారి వెళ్ళాను. ఆ వంతెన 876 అడుగులు, ఎత్తు ఎక్కువ కాబట్టి మొదటి జంప్‌కి సులువు అనుకుంటారు. ఎత్తు నిజంగానే సాయపడుతుంది, కానీ వెనక వరస, చుట్టూ వేలమంది జనం, తొందర. ఎవరికీ తొందర లేని మంగళవారం పొద్దున పెర్రైన్ మీద మొదటిది చేసి, బ్రిడ్జ్ డేకి తర్వాత వెళ్ళండి.

ఆ తమ్ముడు మే నెలలో వచ్చాడు. కోర్సులో చేరాడు, గురువు పీసీఏ అన్నాడు, నన్ను పట్టుకోమన్నారు. వాడి బ్రిడిల్ తొడ పట్టీ పక్కగా పోతోంది, సరిచేశాను, రెండోసారి తడిమాను, చెప్పాను. వాడు దూకాడు, గుప్పిట్లోంచి పైలట్ చూట్ ఒక్కసారిగా లాక్కుని పోయింది, అరచెయ్యి మంట పుట్టింది, కింద తెల్లగా పారాచూట్ విచ్చుకోవడం చూశాక గానీ నాకు ఊపిరి రాలేదు. సాయంత్రానికి మూడు అయ్యాయి. నాలుగోది చేత్తో విసురుతానన్నాడు. ముగ్గురం కూర్చుని మూడో జంప్ వీడియో నెమ్మదిగా నడిపి చూశాం, అంచు వదిలాక కుడి మోకాలు ముడుచుకుని ఒళ్ళు ఒక పక్కకి వాలుతోంది. గురువు ఏమీ అనకముందే వాడే "ఇంకోటి పట్టుకుంటావా అన్నా" అన్నాడు. మర్నాడు పొద్దున గాలి లేనప్పుడు ఇంకో రెండు పట్టుకున్నాను.