పాత నెట్‌బుక్కు, కొత్త బీటా, ఒక్క బైటు తేడా

మా అమ్మాయి చదువుకునే రోజుల్లో కొన్న నెట్‌బుక్కు ఇది. ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 1024×600 తెర. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఛార్జర్ పీకితే ఆరిపోతుంది. ఇంట్లో దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు కాబట్టి నా ప్రయోగాలకి అడ్డు లేదు. తేలికపాటి లినక్స్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఏది కొత్తగా వచ్చినా ముందు దీని మీదికే ఎక్కిస్తాను.

ఈమధ్య ఒక చిన్న బృందం తమ లినక్స్ సిస్టమ్‌కి మొదటి బీటా (అసలు విడుదలకి ముందు పరీక్షకి ఇచ్చేది) వదిలి, పాత మెషీన్లున్నవాళ్లు నడిపి చూసి తప్పులు చెప్పమంది. చేరాను. రెండు వారాలు రోజూ సాయంత్రం దీంతోనే గడిపాను. దాని పేరు మాత్రం ఇక్కడ రాయను. బీటాలో తప్పులుండటం వింత కాదు. ఫైనల్ వచ్చేసరికి అవి పోతాయి, నేను పేరు పెట్టి రాసిన మాట మాత్రం పోదు. అది అన్యాయం.

ముందు ఒక సంగతి. నేను ప్రోగ్రామర్ని కాదు. లెక్కల పద్దులు రాసి రిటైరైన మనిషిని. పక్కన ఒక రూళ్ల పుస్తకం పెట్టుకుని, కనిపించిన తప్పునల్లా నంబరు వేసి రాసుకోవడం, తీరాక అడ్డగీత కొట్టడం నా అలవాటు.

నన్ను ఈ బీటా వైపు లాగింది దాని అందం కాదు, పాత ప్రాసెసర్లకి సరిపోయే 32-బిట్ ఐఎస్ఓ (సిస్టమ్ మొత్తం ఉండే డిస్కు ఫైలు) ఉండటం. ఎన్270 2008 నాటి చిప్, 64-బిట్ దానికి రాదు. 64-బిట్ ఐఎస్ఓ పెట్టి బూట్ చేస్తే, నాకు ఎక్స్86-64 (64-బిట్) కావాలి, ఇక్కడున్నది ఐ686 (32-బిట్) అని కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, ఒక్క ముక్క చెప్పి మొండికేస్తుంది. పేరున్న లినక్స్ ఉబుంటు 2017లోనే, 17.10 నుంచి, 32-బిట్ డెస్క్‌టాప్ ఐఎస్ఓ మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన ఇంకో లినక్స్ డెబియన్ 13తో 32-బిట్ (ఐ386) కెర్నెల్, ఇన్‌స్టాలర్ రెండూ పోయాయి. మాలాంటివాళ్లకి దారులు ఒక్కొక్కటే మూసుకుంటున్న వేళ కొత్తగా ఎవరో 32-బిట్ అంటున్నారంటే అదే గొప్ప.

దింపుకోవడం, ఫైలు చెడలేదని ఎస్‌హెచ్ఏ256 అంకెతో సరిచూసుకోవడం, పెన్‌డ్రైవ్ మీదికి రాయడం మామూలే. వైఫై మొదటిసారే అందింది. నా దాంట్లో అథెరాస్ చిప్ ఉంది, దానికి విడిగా ఫర్మ్‌వేర్ అక్కర్లేదు, కాబట్టి ఆ ఘనత బీటాది కాదు.

పద్ధతి పాతదే. 2003లో బ్యారీ కౌలర్ మొదలుపెట్టిన పప్పీ లినక్స్ వాడినవాళ్లకి చూడగానే తెలిసిపోతుంది. సిస్టమ్ మొత్తం స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే కుదించిన ఫైల్లో ఉంటుంది. బూట్ కాగానే అది ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. మనం చేసే మార్పులు దాని పైపొరలో పడతాయి. షట్‌డౌన్ చేసేటప్పుడు అడిగి, ఆ పైపొరని సేవ్ ఫైల్లోకి దించుతుంది.

విడుదలతో పాటు వాళ్లు రాసుకున్న పెద్ద గొప్ప, ఖాళీగా ఉన్నప్పుడు 140 ఎంబీ లోపే వాడుతుందని. నా దాంట్లో ర్యామ్ లెక్క చూపే 'ఫ్రీ' కమాండ్ కొడితే 'యూజ్డ్' కింద 132 కనిపించింది. అబద్ధం కాదు. కానీ పద్దు చూసేవాడు మొదటి వరస చూసి పుస్తకం మూయడు కదా. పక్కన 'షేర్డ్' కింద 390 ఉంది. ర్యామ్‌లోకి ఎక్కిన ఆ స్క్వాష్‌ఎఫ్ఎస్ ఫైలు లెక్క అక్కడ పడుతోంది. చివర్న 'అవైలబుల్' 440. నాకు నిజంగా మిగిలింది అదే. తేలికపాటి సిస్టమ్‌లని పోల్చేవాళ్లంతా 'యూజ్డ్' అంకెనే ఎత్తి చూపిస్తారు. ఆ 440లో బ్రౌజర్ తెరిచి నాలుగు ట్యాబులు పెట్టేసరికి జడ్‌ర్యామ్ (ర్యామ్ చాలనప్పుడు కుదించి దాచే చోటు) నిండటం మొదలైంది, మౌస్ బాణం ఆగి ఆగి నడిచింది. అన్నట్టు, ఇందులో ఇచ్చిన బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ 140, ఎక్కువకాలం దిద్దుబాట్లు అందే రకం. మామూలు ఫైర్‌ఫాక్స్ 144తోనే 32-బిట్ లినక్స్‌కి సెలవు చెప్పేసింది, కాబట్టి వాళ్లకీ వేరే దారి లేదు.

రెండో గొప్ప, ఐఎస్ఓ చిన్నదిగా ఉండటం. ఇక్కడ నాకూ వాళ్లకీ కొంచెం వాదన జరిగింది. చిన్నదిగా చేయడానికి స్క్వాష్‌ఎఫ్ఎస్‌ని ఎక్స్‌జడ్ అనే పద్ధతితో కుదించారు. ఎక్స్‌జడ్ బాగా నొక్కుతుంది, విప్పడానికి మాత్రం ప్రాసెసర్ చెమటోడ్చాలి. నా ఆటమ్ మీద ఫైల్ మేనేజర్ మొదటిసారి తెరుచుకోవడానికి తొమ్మిది సెకన్లు, రెండోసారి రెండు. పెన్‌డ్రైవ్ లైటు ఆరిపోయే ఉంది, అంటే చదవడంలో ఆలస్యం కాదు, విప్పడంలోనే. కెర్నెల్ 4.14 వచ్చిన 2017 నుంచీ స్క్వాష్‌ఎఫ్ఎస్‌లో త్వరగా విప్పే జడ్‌స్టాండర్డ్ పద్ధతి ఉంది, అది వాడొచ్చుగదా అని రాశాను. ఫైలు పెరిగితే ఆ పెరిగినంతా మీ ర్యామ్‌లోంచే పోతుంది, ఒప్పుకుంటారా అని అడిగారు. న్యాయమే, నా 440 ఇంకా తగ్గుతుంది. అయినా నన్నడిగితే కాస్త తగ్గినా ఫరవాలేదు, తొమ్మిది సెకన్లు భరించడం కష్టం. ఈ సంగతి ఎటూ తేలలేదు.

తెర సంగతి చిన్నదే, కానీ చిరాకు పెట్టింది. సెట్టింగుల పెట్టె 600 పిక్సెల్స్ కన్నా పొడుగు. కింద ఉండాల్సిన 'ఓకే' బటన్ తెర కిందకి జారిపోయింది. ఆల్ట్ నొక్కి పట్టుకుని పెట్టెను ఎక్కడ పట్టుకున్నా పైకి లాగొచ్చని తెలిసినవాణ్ని కాబట్టి సరిపోయింది. తెలియనివాళ్లు ట్యాబ్ కొట్టుకుంటూ చీకట్లో ఎంటర్ వేయాల్సిందే. చేసినవాళ్లెవరూ దీన్ని చిన్న తెర మీద చూసుకోలేదని అక్కడే అర్థమైంది. మాలాంటివాళ్లని పిలిచిందీ అందుకేనేమో.

తెలుగు గురించి చెప్పకపోతే ఎలా. మొదటి బూట్‌లో తెలుగు ఫైలు పేర్లన్నీ డబ్బాలు. ఫాంట్ల జాబితా ఇచ్చే 'ఎఫ్‌సీ-లిస్ట్' కమాండ్‌కి తెలుగు ఫాంట్లు చూపించమంటే ఒక్క వరస కూడా రాలేదు. నోటో తెలుగు ఫాంటు ఫైలు ఒకటి తెచ్చి ఫాంట్స్ ఫోల్డర్లో పడేస్తే ఫైల్ మేనేజర్లో ఒత్తులు, గుణింతాలు చక్కగా కుదురుకున్నాయి. కమాండ్లు కొట్టే కిటికీ ఎక్స్‌టెర్మ్‌లో మాత్రం 'లక్ష్మి' ముక్కలు ముక్కలుగా, ఒత్తులు విడివిడిగా. ఇది బీటా తప్పు కాదు, ఎక్స్‌టెర్మ్‌కి మన లిపిని కూర్చడం చేతకాదు. కీబోర్డ్ లేఅవుట్లలో 'ఇన్' (ఇండియా) కింద 'టెల్' (తెలుగు) ఉంది, ఎంచుకోగానే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పనిచేసింది. ఒక్క ఫాంటు ఫైలు ఒక ఎంబీ కూడా ఉండదు, పెట్టండని రాశాను. ఒక భాషకి పెడితే అన్నిటికీ పెట్టాలని ఐఎస్ఓలో పెట్టలేదు కానీ, ప్యాకేజీల జాబితాలో చేర్చారు. సరే.

ఇక అసలు కథ. ఆ మొదటి రాత్రి ఫాంటు, కీబోర్డ్, వైఫై పాస్‌వర్డ్ అన్నీ అమర్చుకుని షట్‌డౌన్ కొట్టాను. సేవ్ చేయమంటారా అంది. సరే అని 16 జీబీ పెన్‌డ్రైవ్ ఇంకోటి పెట్టాను. సేవ్ ఫైలు ఎంత ఉండాలో చెప్పడానికి ఒక జారుడు మీట, 512 ఎంబీ దగ్గర నిలబడి ఉంది. 16 జీబీ ఖాళీగా ఉంది కదా, పిసినారితనం ఎందుకని చివరికంటా లాగాను. 4096. 'సేవ్ అయింది' అని రెప్పపాటులో చెప్పి ఆరిపోయింది. తెల్లారి బూట్ చేస్తే మళ్లీ డబ్బాలే. ఫాంటు లేదు, పాస్‌వర్డ్ లేదు, ఏమీ లేదు.

కోపంగా ఒక్క ముక్క రాశాను: సేవ్ అవడం లేదు. గంటలో ఇద్దరు పరీక్షకులు జవాబిచ్చారు, మాకు అవుతోందే అని. నాకు కాస్త పౌరుషం వచ్చింది. అంతలో బృందంలో ఒకాయన ఓపిగ్గా అడిగారు: పెన్‌డ్రైవ్ ఏ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు సర్దే పద్ధతి), ఎంత సైజు, మీరు ఎంచుకున్న అంకె ఎంత, సేవ్ అవడానికి ఎంతసేపు పట్టింది? ఆ నాలుగూ ముందే రాయాల్సినవాణ్ని నేను. ముప్పయ్యేళ్లు ఓచరు లేని పద్దు ఒప్పుకోని మనిషిని, ఓచరు లేకుండా ఫిర్యాదు చేశాను.

రూళ్ల పుస్తకంలో గళ్లు గీశాను. పెన్‌డ్రైవ్ అదే, ఎఫ్ఏటీ32 ఫైల్ సిస్టమ్. సైజు ఒక్కటే మారుస్తూ పోయాను. 512 అయింది. 2048 అయింది. 4000 అయింది, కానీ దానికి పావుగంట పట్టింది. 4095 కూడా అంతే. 4096 దగ్గర మాత్రం మళ్లీ రెప్పపాటు. పావుగంట పట్టే పని ఒక్క ఎంబీ పెంచగానే క్షణంలో ఎలా అవుతుంది? అవలేదు కాబట్టే అంత త్వరగా అయింది!

పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే సేవ్ ఫైలు ఉంది, సైజు సున్నా బైట్లు. బృందంలోని ఆయన చెప్పినట్టు సేవ్ చేసే స్క్రిప్టుని (కమాండ్ల ఫైలు) టెర్మినల్లో, ప్రతి అడుగూ చూపించే 'ఎస్‌హెచ్ -ఎక్స్' పెట్టి నడిపితే, ఫైలుకి సైజు పెట్టే ట్రంకేట్ కమాండ్ దగ్గర 'ఫైల్ టూ లార్జ్' (ఫైలు మరీ పెద్దది) అని పడింది. ఎఫ్ఏటీ32లో ఒక ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దాకానే ఉండొచ్చు. 4096 ఎంబీ అంటే సరిగ్గా 4,29,49,67,296 బైట్లు. ఆ చివరి ఒక్క బైటు పట్టదు. ట్రంకేట్ ఖాళీ ఫైలు పుట్టించి చేతులెత్తేసింది, స్క్రిప్టు ఆ మాట వినకుండానే సేవ్ అయిందని ప్రకటించింది. మాకు అవుతోందన్న ఇద్దరిలో ఒకరిది ఆ 4 జీబీ పరిమితి లేని ఈఎక్స్‌టీ4 పెన్‌డ్రైవ్, ఇంకొకరు మీటని ముట్టుకోనే లేదు. ముగ్గురం నిజమే చెప్పాం.

మూడో రోజుకి దిద్దారు. రెండో బీటాలో ఎఫ్ఏటీ32 అయితే మీట 4095 దగ్గరే ఆగుతుంది. అంతకన్నా నాకు నచ్చింది, ఏ కారణం వల్ల సేవ్ తప్పినా ఇప్పుడు షట్‌డౌన్ ఆపి ఎర్రపెట్టెలో చెబుతోంది. కావాలని నిండిన పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను, చెప్పింది. జరిగింది జరిగినట్టు చెప్పే సిస్టమ్‌ని నమ్మొచ్చు. 140 ఎంబీ గొప్ప కన్నా ఈ ఎర్రపెట్టెకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మీరు ప్రయత్నించాలా అంటే, పక్కన పడేసిన మెషీన్ ఉండి, ఒకటికి రెండుసార్లు అదే పని చేసి రాసిపెట్టే ఓపిక ఉంటే తప్పకుండా. ఉన్నది ఒక్కటే కంప్యూటర్ అయి, అందులో ముఖ్యమైన ఫైళ్లుంటే ఫైనల్ దాకా ఆగండి. ఈలోపు 32-బిట్‌కి యాంటీఎక్స్ అనే తేలికపాటి లినక్స్ ఉంది.

పుస్తకంలో పదకొండు వరసలు రాశాను, ఏడు కొట్టేశాను. ఓకే బటన్ ఇంకా తెర కిందే ఉంది. మూత మూసి తెరిస్తే తెర నల్లగా ఉండిపోతోంది, వెలుతురు పెంచే మీట రెండుసార్లు నొక్కితే బొమ్మ వస్తోంది. ఈసారి మాత్రం మొదటి ఉత్తరంలోనే చిప్ పేరు, కెర్నెల్ నంబరు, డీమెసేజ్ (కెర్నెల్ సందేశాల చిట్టా) మొత్తం జతచేసి పంపాను. నిన్న రాత్రి ఇంకో ఎన్270 ఆయన, మీట నొక్కకుండానే నాకు వస్తోందండీ అని రాశారు. ఆయన మెషీన్ వివరాలు అడిగి, కొత్త పేజీలో గళ్లు గీసుకుని కూర్చున్నాను.