బరంపురం సాయంకాలపు అరబ్బీ తరగతి: వినికిడి పాఠం మేలైనది, పుస్తకం మార్చవలసినది

గల్ఫ్ కొలువులకు వెళ్లదలచిన గంజాం, ఇచ్ఛాపురం ప్రాంతాల తెలుగువారి కోసం ఒడిశాలోని బరంపురంలో నడుస్తున్న ఈ తరగతిలో అన్నిటికన్నా మెచ్చదగినది వినికిడి పాఠం. అరబ్బీలో అ, ఇ, ఉ అనే మూడు అచ్చులూ వాటి దీర్ఘాలూ మాత్రమే ఉన్నాయి గనుక ఉచ్చారణ తేలికేనని చాలాచోట్ల చెప్పి వదిలేస్తారు. ఇక్కడి మాస్టారు మాత్రం చిక్కంతా అక్కడే ఉందంటారు. స్వాద్, ద్వాద్, త్వా, జ్వా అనే నాలుగు బరువైన హల్లులను పలికేటప్పుడు నాలుక ముందు భాగం తన పని తాను చేస్తుండగానే వెనుక భాగం గొంతువైపు జరుగుతుంది. ఆ ప్రభావం పక్కనున్న అచ్చుకు పాకి దాన్ని ముదురుగా వినిపిస్తుంది. ఈ నాలుగింటినీ 8వ శతాబ్దపు వ్యాకర్త సీబవైహి అప్పుడే ఒక జట్టుగా గుర్తించాడు.

పాఠం జరిగే తీరు చూడదగ్గది. మాస్టారు ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక మాటను తెరిచి, హల్లును కోసేసి, మిగిలిన అచ్చును మాత్రమే హెడ్‌ఫోన్లలో వినిపించి, దాని ముందు ఏ హల్లు ఉండేదో చెప్పమంటారు. ఆకారమున్న మాటల్లో ముదురుదనం అచ్చు పొడవునా నిలుస్తుంది కాబట్టి తరగతిలో ఎక్కువమంది సరిగానే చెప్పారు. అంజూరానికి 'తీన్', బురదకు 'త్వీన్' వంటి జంటల్లో మాత్రం తడబడ్డారు, ఎందుకంటే అక్కడ ఈకారం మొదలు మాత్రమే మారి, ఆపై మామూలు ఈకారంలో కలిసిపోతుంది. ఆ మొదటి ముక్కనే ఓపిగ్గా మళ్లీమళ్లీ వినిపించడం వల్లే మాకు తేడా పట్టుబడింది.

ఇంత శ్రమకూ తెలుగు లిపిలో ఇచ్చిన పుస్తకం అడ్డుపడుతోంది. అందులో త్వాకు బదులు 'ట' అచ్చువేశారు. మన టకారానికి నాలుక కొన పైకి మడతపడుతుంది, త్వాకు ఆ మడత లేదు. ఒడియాలోనూ టకారం ఉండడంతో ఇక్కడివారికి ఆ అలవాటు రెండింతలుగా ఉంటుంది. మామూలు సకారంతో మొదలయ్యే కత్తికీ, స్వాద్‌తో మొదలయ్యే వేసవికీ ఒకే 'సైఫ్' అని రాయడం ఇంకా అన్యాయం.

మరో లోటు, పాఠమంతా గ్రాంథిక అరబ్బీలోనే సాగడం. గల్ఫ్ వాడుకలో ఖాఫ్ అనే హల్లు తరచుగా గకారమవుతుంది, ద్వాద్ జ్వాతో కలిసిపోతుంది. డ్రైవరు పనికో ఇంటిపనికో వెళ్లేవారు చేరేముందే ఆ వాడుక కూడా వినిపించమని అడగాలి. మాస్టారు అడిగితే కాదనేవారు కారు.