పెంగ్విన్ బొమ్మా, కంగారూ బొమ్మా? మా ఇంట్లో నెల రోజుల తర్వాత

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో మా పాపకి ఈ రెండూ కొన్నాను, ఒక్కోటి 650 రూపాయలు. నా ఓటు పెంగ్విన్‌కే. ఎంపరర్ పెంగ్విన్ అది, చెవుల దగ్గర పసుపు మచ్చ కూడా సరిగ్గా వేశారు, పాదాల మీద చిన్న గుడ్డు, దాన్ని కప్పుతూ పొట్ట మడతలాగా మెత్తటి గుడ్డ. నిజంగానే అంటార్కిటికా చలికాలంలో మగ పక్షి తిండి లేకుండా రెండు నెలలకు పైగా గుడ్డుని అలాగే పాదాల మీద పెట్టుకుని పొదుగుతుందని చెబితే, "మరి వాళ్ళ నాన్నకి ఆకలెయ్యదా?" అని అడిగింది, ఆ రాత్రి గుడ్డు పట్టుకునే పడుకుంది.

ఎర్ర కంగారూ ముఖం బాగుంది, తోక గట్టిగా ఉండబట్టి పడకుండా నిలబడుతుంది. కానీ సంచి కుట్టు రెండో రోజే ఊడింది. దాని గొప్పంతా ఆ సంచిలోనే కదా! ఇంచుమించు గ్రాము బరువుతో, చిక్కుడు గింజంత పుట్టిన పిల్ల తనంతట తానే పాక్కుంటూ అందులోకి చేరి దాదాపు ఎనిమిది నెలలు పెరుగుతుంది. షాపులో మార్చి ఇవ్వం అన్నారు, నేనే దారం రెండు పేటలు వేసి కుట్టాను. పెంగ్విన్‌ని రెండుసార్లు ఉతికాం, రంగు దిగలేదు.