24 మి.మీ. ఎఫ్ 1.4 లెన్సు: ఐదేళ్ల వాడకం తరువాత

ఈ లెన్సు గుణదోషాలను నాకు మొదట చూపించినవి తిరుమల దారిలోని గాలిగోపురం దీపాలు. కొన్న వారంలోనే ఒక రాత్రి అలిపిరి దగ్గర ట్రైపాడ్ నిలబెట్టి, కొండమీది వెలుగులను ఎఫ్ 1.4లో, అంటే లెన్సు ద్వారాన్ని పూర్తిగా తెరిచి తీశాను. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ఆ ద్వారం చిన్నదవుతుంది. ఫ్రేము నడుమ ప్రతి దీపమూ చుక్కలా నిలిచింది. మూలలకు వెళ్లేసరికి అదే దీపం రెక్కలు విప్పిన పిట్టలా సాగిపోయింది. దీన్ని కోమా అంటారు. ఏటవాలుగా వచ్చే కాంతిలో, లెన్సు అంచుల నుంచి దూరిన కిరణాలు నడుమ నుంచి దూరినవాటితో ఒకే చోట కలవకపోవడమే దీనికి కారణం. లెన్సు పాడైందేమోనని ఆ రాత్రంతా బాధపడ్డాను. మరునాడు ఎఫ్ 2.8లో తీస్తే రెక్కలు దాదాపు ముడుచుకున్నాయి. ఇప్పటికీ రాత్రి దీపాలకు, నక్షత్రాలకు అంతకంటే ఎక్కువ తెరవను.

నేను పెళ్లి ఫొటోలు తీస్తాను. తిరుచానూరు కల్యాణ మండపాల్లో వెనక్కి జరిగే చోటుండదు కాబట్టి 84 డిగ్రీలు చూసే ఈ లెన్సు కొన్నాను. పూర్తిగా తెరిస్తే తెల్ల పంచె అంచున, వెండి పళ్లెం మెరుపున ఊదారంగు పూత పడుతుంది. ఫోకస్‌కు ముందున్న వాటికి ఊదా, వెనకున్న వాటికి ఆకుపచ్చ. మూలల్లో కనిపించే రంగు అంచులను కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో తీసేయవచ్చు. ఇది అలా పోదు. ఒకసారి మొండిగా తొలగించబోతే వధువు ధర్మవరం చీర ఊదా అంచు కూడా వెలిసిపోయింది, ఆ ఫొటో మళ్లీ మొదటి నుంచి దిద్దాల్సి వచ్చింది. ఎఫ్ 2 దాటితే ఈ పూత బాగా తగ్గుతుంది. తాళికట్టే ఘట్టాన్ని అందుకే ఎఫ్ 2.2లో తీస్తాను.

ఇక నేపథ్యపు మసక. ఎఫ్ 1.4 అనే అంకెను చూసి చాలామంది ఆశపడతారు. ఈ లెన్సులో కాంతి దూరే ద్వారం వ్యాసం 17 మి.మీ. మాత్రమే. 85 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సులో అది 47 మి.మీ. ముఖాన్ని రెండింటిలోనూ ఒకే పరిమాణంలో తీసినా, దూరపు నేపథ్యం ఎంత కరుగుతుందో ఆ వ్యాసమే నిర్ణయిస్తుంది. హారతి పళ్లానికి జానెడు దూరంలోకి వెళితే మాత్రం మసక ఎంతో అందంగా వస్తుంది. వెనక బల్బులు వలయాలవుతాయి, అంచుల్లో పిల్లికళ్లలా నొక్కుకుపోతాయి. వలయాల లోపల ఉల్లిపాయ పొరల్లాంటి గీతలు కనిపిస్తాయి. అచ్చు పోసి చేసిన ఆస్ఫెరికల్ (గోళపు వంపు లేని) గాజు వల్ల వచ్చేవి అవి. రెండు మూడు మీటర్ల దూరంలో అసలు ఇబ్బంది మొదలవుతుంది. వెనక పూలతోరణాలు స్పష్టంగా ఉండవు, పూర్తిగా కరగవు, రెండేసి అంచులతో కళ్లను గుచ్చుతాయి. అలాంటప్పుడు నేను ఎఫ్ 4కు వెళ్లి నేపథ్యాన్ని కనపడనిస్తాను. తిరుపతి గంగ జాతరలో మాతంగి వేషం వేసిన వ్యక్తి పక్కన నిలబడితే, వెనక వీధి, మేడల మీది జనం అంతా ఫొటోలోకి రావాలి కదా! నా జాతర ఫొటోల్లో నాకు నచ్చినవన్నీ అలా తీసినవే.

బృంద ఫొటోలో చివర నిలబడ్డ వధువు మేనత్త ముఖం వెడల్పుగా వచ్చిందని ఒకసారి ఆమె నొచ్చుకున్నారు. అది గాజు లోపం కాదు, విశాలకోణం స్వభావం. పెద్దవాళ్లను నడుమకు తీసుకువస్తే సరిపోతుంది.

కొనాలనుకునేవారు చీకటిపడ్డాక దుకాణం బయటికి తెచ్చి, దూరపు వీధిదీపాన్ని ఒక్కో మూలలో ఉంచి ఎఫ్ 1.4లో తీయండి. నాలుగు మూలల్లోనూ రెక్కలు ఒకేలా ఉంటే తీసుకోవచ్చు. ఒక మూలలో మాత్రమే పెద్దవిగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగి ఉండవచ్చు, అక్కడే తిరిగి ఇచ్చేయండి.