ఇంటిపేరు అడగని చోట ఆరేళ్ళు

2019 నవంబరులో ఒక రాత్రి రెండు గంటలప్పుడు హైదరాబాదులో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని, జనం గుంపులుగా చర్చించుకునే రెడిట్ అనే సైటులో ఒక కొత్త అకౌంట్ తెరిచాను. మెయిల్ ఇవ్వలేదు. రెండు ఇంగ్లీషు మాటలకి ఒక నంబరు తగిలించి ఒక పేరు పెట్టుకున్నాను, నాకూ దానికీ ఏ సంబంధం లేకుండా. అక్కడ మందు మానాలనుకునేవాళ్ళ గుంపు ఒకటి ఉంది, పేరు స్టాప్‌డ్రింకింగ్. అందులోకి వెళ్ళి నాలుగు వాక్యాలు రాశాను. ముప్పై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు, రోజూ తాగుతున్నాను, ఇంట్లో ఎవరికీ తెలీదు. పొద్దున పిల్లల టిఫిన్ బాక్సులు కడుతూ చూస్తే పద్దెనిమిది మంది జవాబు రాసి ఉన్నారు. ఒక్కరు కూడా నేనెవరో అడగలేదు.

అడగకపోవడం ఎంత పెద్ద విషయమో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. "ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేంటి?" ఈ రెండు ప్రశ్నలు చాలు, మూడో నిమిషంలో మా పెదనాన్నగారి దగ్గర తేలతారు. మగవాడు తాగితే వాడికి అలవాటు ఉందంటారు. ఆడది తాగుతుందని తెలిస్తే పుట్టింటి పరువు, చెల్లెలి సంబంధం, పిల్లల స్కూలు దగ్గర గుసగుసలు అన్నీ దాని వెంట వస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి కూడా నాకు మూడేళ్ళు పట్టింది ఈ భయంతోనే.

అందుకే, పేరు చెప్పకుండా మాట్లాడుకునే గుంపులు ఈ రోజుల్లో నిలబడతాయా అని ఎవరైనా అడిగితే నాకది ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు. నేను బతికి బట్టకట్టింది అలాంటి చోటే. ఆరేళ్ళలో నాకు అర్థమైంది ఇది: మనిషి అసలు పేరు ఎవరికీ తెలియనక్కర్లేదు, కానీ పెట్టుకున్న మారుపేరు నిలకడగా ఉండాలి. ఆ నిలకడ లేని చోట కష్టం చెప్పుకునేవాళ్ళు నాలుగు రోజులు కూడా ఉండగా నేను చూడలేదు.

ఈ గుంపులో మన మారుపేరు పక్కన ఒక అంకె కనిపిస్తుంది. మందు మానేసి ఎన్ని రోజులైందో ఆ లెక్క. అడిగితే పెడతారు, తర్వాత రోజుకొకటి దానంతటదే పెరుగుతుంది. నిజమో కాదో ఎవరూ తనిఖీ చెయ్యరు, చెయ్యలేరు కూడా. రోజూ ఒక హాజరు పోస్టు ఉంటుంది, వారానికొకరు దాన్ని నడుపుతారు. దాని కింద వందలమంది రాసేది ఒకటే మాట: ఈ రోజు మీతో పాటు నేనూ తాగను. రేపటి సంగతి ఎవరూ ఎత్తరు.

2021 సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్ళాం. అప్పటికి నా అంకె 212. కనుమ రోజు మధ్యాహ్నం మేడమీద మగవాళ్ళ కూర్చోవడాలు అయిపోయాక గ్లాసులు, సీసాలు నేనే కిందికి తెచ్చాను. పెరట్లో కుళాయి దగ్గర చూస్తే ఒక సీసా అడుగున రెండు వేళ్ళ మందు మిగిలి ఉంది. నీళ్ళు కూడా కలపలేదు. నిలబడే తాగేసి, నోరు పుక్కిలించి, తులసి ఆకులు నమిలి, గ్లాసులు తోమాను.

మూడు రోజులు గుంపులోకి వెళ్ళలేదు, దూరం నుంచి చూశానంతే. నా పేరు పక్కన 213, 214, 215 అని అంకె పెరుగుతూనే ఉంది. నేను తాగిన సంగతి ఈ భూమ్మీద ఇంకొక మనిషికి తెలీదు. అలా వదిలేసినా అడిగేవాళ్ళు లేరు. కానీ ఏడాది పైగా జనం నన్ను ఆ పేరుతోనే పలకరిస్తున్నారు. మా పాపకి డెంగీ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు పెరిగాయా అని నాలుగు దేశాల నుంచి అడిగారు. ఆ పేరు అప్పటికే ఒక మనిషి. ఆమె చేత అబద్ధం ఆడించడం నా వల్ల కాలేదు. హైదరాబాదు తిరిగొచ్చిన రాత్రి, అంకెని కనుమ రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టమని రాశాను. స్కాట్లండులో లారీ తోలే ఒకాయన, ఆయన గురించి నాకు తెలిసింది అంతే, పావుగంటలో రాశాడు: "ఆ 212 రోజులు ఎక్కడికీ పోలేదు, అవి నువ్వు బతికిన రోజులే." నాలుగేళ్ళు దాటినా ఆ వాక్యం నా ఫోన్‌లో ఉంది.

ఇక్కడి కట్టుబాట్లు కూడా చెప్పాలి, గుంపు నిలబడింది వాటి మీదే. మాట్లాడితే "నేను" అని మాట్లాడాలి, ఎదుటివాళ్ళకి "నువ్విలా చెయ్యి" అని చెప్పకూడదు. తాగి ఉన్నప్పుడు పోస్టు పెట్టకూడదు. వైద్య సలహాలు ఇవ్వకూడదు. ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు, ముందు డాక్టరుకి చూపించుకోమంటారు. ఇవన్నీ చూసుకునే మోడరేటర్లకి జీతాలు లేవు. వెటకారం చేసే కామెంటు నేను చదివేలోపే మాయమైపోవడం ఎన్నిసార్లు చూశానో.

ఈ పద్ధతికి మూలం చాలా పాతది. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్ళో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుడు బాధితులు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టారు. అక్కడ దాపరికమంతా బయటి ప్రపంచం దగ్గరే, గదిలో ముఖాలు కనిపిస్తాయి. వారం వారం అదే కుర్చీలో అదే మనిషి కూర్చుంటాడు. నేనూ ఒకసారి నగరంలో ఒక మీటింగుకి వెళ్ళాను. ఆ గదిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు, టీ ఇచ్చారు, ఒక పెద్దాయన "మళ్ళీ రా తల్లీ" అన్నారు. కానీ మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేటప్పుడు తెలిసినవాళ్ళెవరైనా కనిపిస్తారేమోనని నా కాళ్ళు వణికాయి. మళ్ళీ వెళ్ళలేదు. ఆయన మాట నిలబెట్టలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

పేరే లేకపోవడం అంటే ఏమిటో నాకు అంతకు చాలా ముందే తెలుసు. 2009లో నాకో తెలుగు బ్లాగు ఉండేది, తెలుగు బ్లాగుల్ని ఒకచోట చూపించే కూడలి అనే సైటులో కనిపించేది. పేరు చెప్పకుండా కామెంటు రాస్తే అక్కడ "అజ్ఞాత" అని పడేది, ఆ రోజుల్లో రాసినవాళ్ళకి ఆ మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడప్పుడే కంద పద్యాలు రాయడం మొదలుపెట్టాను. ఒక అజ్ఞాత వచ్చి, రెండో పాదంలో మూడో గణం జగణమో నలమో అయి తీరాలి, మీది భగణం అయింది అని రాశారు. ఇంకోసారి యతి తప్పింది చూసుకోమన్నారు. ఆయనో ఆవిడో, నాకు ఛందస్సు నేర్పిన గురువు ఆ మనిషే. అదే పేజీలో ఇంకొక అజ్ఞాత నా ఫొటో గురించి, నా భర్త గురించి రాసిన మాటలు ఇక్కడ రాయలేను. ఇద్దరి పేరూ అదే, వేరు చెయ్యడానికి దారి లేదు. చివరికి అజ్ఞాతలు రాయకుండా సెట్టింగు మార్చేశాను. తిట్లు ఆగాయి. నా గురువూ మళ్ళీ రాలేదు.

ఆ తేడా అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. యతి తప్పిందని చెప్పడానికి పేరు అక్కర్లేదు. పద్యం ఎదురుగా ఉంది, గణాలు విడగొట్టి చూసుకోవచ్చు. ఫోర్‌చాన్‌లో జరిగిందీ ఇలాంటిదే. 2003లో క్రిస్టఫర్ పూల్ అనే పదిహేనేళ్ళ కుర్రాడు పెట్టిన ఆ సైటులో రాసేవాళ్ళందరికీ దాదాపు ఒకటే పేరు, అనానిమస్. అక్కడి బూతులు, ద్వేషం లోకమంతా ఎరిగినవే. అదే చోట 2011లో ఎవరో ఒక గణిత సమస్యకి రుజువు రాసి పోయారు. ఒక జపాన్ కార్టూన్ సీరియల్ ఎపిసోడ్లని సాధ్యమైన అన్ని వరసల్లోనూ చూడాలంటే కనీసం ఎన్ని ఎపిసోడ్లు చూడాల్సి వస్తుందన్నది ప్రశ్న, ఇంతకన్నా తక్కువలో కుదరదన్న ఒక హద్దుని ఆ రుజువు చూపింది. 2018లో గణితజ్ఞులు దాన్ని గమనించి, సరిచూసి, పద్ధతిగా రాసి, మొదటి రచయితగా "పేరు తెలియని ఫోర్‌చాన్ వ్యక్తి" అనే పెట్టారు. రుజువు తన కాళ్ళ మీద తను నిలబడింది, రాసినవాళ్ళతో పని లేకపోయింది. "నేను నిన్న రాత్రి తాగాను" అన్న మాట అలా నిలబడదు. దాన్ని నమ్మాలంటే దాని వెనక నిన్నా, మొన్నా, పోయినేడూ ఉన్న మనిషి కావాలి.

ఈ అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. 2025 ఏప్రిల్‌లో బయటపడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జూరిక్ యూనివర్సిటీ పరిశోధకులు రెడిట్‌లో, నా అభిప్రాయం మార్చండి చూద్దాం అని వాదనకి పిలిచే చేంజ్‌మైవ్యూ గుంపులో ఎవరికీ చెప్పకుండా ఏఐ చేత వెయ్యికి పైగా కామెంట్లు రాయించారు. వాటిలో అత్యాచార బాధితుడి గొంతుతో రాసినదీ ఉంది, మానసిక గాయాలకి కౌన్సెలింగ్ చేసే మనిషిగా మాట్లాడినదీ ఉంది. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నేను రాత్రి రెండింటికి వణికే చేతులతో రాసిన నాలుగు వాక్యాల్లాంటివి ఇప్పుడు ఒక యంత్రం క్షణంలో నలభై రాయగలదు. అప్పటి నుంచి కొత్త అకౌంటు కనిపిస్తే వెంటనే జవాబు రాయలేకపోతున్నాను. ముందు పాత పోస్టులు చూస్తాను. 2025లోనే రెడిట్ ఆ పాత పోస్టుల్ని ఇతరులకి కనపడకుండా దాచుకునే వీలు ఇచ్చింది. వెంటపడి వేధించేవాళ్ళ బెడద ఉన్న ఆడవాళ్ళకి అది మంచిదే, నేనూ కొన్ని దాచుకున్నాను. కానీ కొత్తవాళ్ళని పోల్చుకోవడానికి నాకున్న ఒక్క ఆధారం కూడా సన్నబడింది.

అలాగని అందరి చేతా అసలు పేర్లు పెట్టించండి అనేవాళ్ళతో నేను ఏ మాత్రం ఒప్పుకోను. దక్షిణ కొరియా ఆ ప్రయోగం చేసింది. పెద్ద సైట్లలో రాయాలంటే గుర్తింపు రుజువు చేసుకోవాలని 2007లో నిబంధన పెట్టింది, 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఈలోపు 2011లో ఒక్క హ్యాకింగ్‌లోనే దాదాపు మూడున్నర కోట్లమంది వివరాలు దొంగలపాలయ్యాయి. అంత దూరం ఎందుకు, పెళ్ళి ఫొటో ప్రొఫైల్‌గా పెట్టుకుని, సొంత పేరుతో, ఆడవాళ్ళ పోస్టుల కింద బూతులు రాసే మనవాళ్ళని ఫేస్‌బుక్‌లో రోజూ చూస్తున్నాం. పేరు మనిషికి సంస్కారం ఇవ్వదు.

యిక్ యాక్ కథ కూడా గుర్తుంచుకోవాలి. కాలేజీ పిల్లలు చుట్టుపక్కలవాళ్ళతో పేరు లేకుండా మాట్లాడుకునే యాప్ అది. వేధింపులు ఎక్కువై, 2016లో అందరూ మారుపేరు పెట్టుకోవాల్సిందే అనేసరికి ఉన్నవాళ్ళూ తగ్గిపోయారు, 2017లో మూతపడింది. మారుపేరుని మధ్యలో తెచ్చి తగిలిస్తే అతకదు. మొదటి రోజు నుంచే ఉండాలి.

నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను, మీకు పనికొస్తుంది. 2022లో ఉద్యోగులు పేరు లేకుండా మాట్లాడుకునే ఒక చోట, పేరు చెప్పను, మా టీమ్ గురించి రాశాను. షిఫ్టు టైము, టీమ్‌లో ఎంతమందిమి, ప్రసూతి సెలవు నుంచి ఎప్పుడు తిరిగొచ్చానన్నది. మూడే వివరాలు. వారం తిరక్కుండా క్యాంటీన్‌లో పై అధికారి నా పోస్టులోని వాక్యం నాకే అప్పజెప్పారు. నన్ను పట్టిచ్చింది ఏ హ్యాకరూ కాదు, ఆ మూడు వివరాలే. ఊరు, పిల్లల వయసు, ఉద్యోగం ఎప్పుడూ ఒక చోట రాయకండి. ఇక్కడ కూడా నేను రెండు వివరాలు మార్చే రాశాను.

రెడిట్ గురించి కూడా భ్రమలు వద్దు. తోటివాళ్ళకి మనం తెలియకపోవచ్చు, కంపెనీకి మన ఐపీ అడ్రసు తెలుస్తుంది. 2025 జులై 25 నుంచి బ్రిటన్‌లో చట్టం ప్రకారం పెద్దలకి మాత్రమే అన్న పేజీలు చూడాలంటే సెల్ఫీయో గుర్తింపు కార్డో చూపించాలి. పిల్లల్ని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే, నాకూ పిల్లలున్నారు. కానీ 2019లో ఆ రాత్రి నన్ను ఆధార్ అడిగి ఉంటే ఫోన్ పక్కన పెట్టేసి ఇంకో గ్లాసు పోసుకునేదాన్ని. యాప్ సెట్టింగుల్లో మద్యం ప్రకటనలు తగ్గించమనే మీట ఒకటి ఉంది, కొత్తగా చేరేవాళ్ళు మొదట అది నొక్కండి.

నాకున్న పెద్ద కొరత భాష. అక్కడంతా ఇంగ్లీషే. మా అమ్మ చెల్లెలు ఒకావిడ భర్త తాగుడుతో ముప్పై ఏళ్ళు నలిగింది, ఆవిడకి ఇలాంటి చోటు ఏదీ చూపించలేకపోయాను. "కడుపు రగిలిపోతోంది" అన్న మాటని నేను ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇంగ్లీషులో సరిగ్గా చెప్పలేకపోయాను. తెలుగులో ఇలాంటిది ఎవరైనా పెడితే మోడరేటరుగా రాత్రి కాపలా నేను కాస్తాను.

పోయిన నెల హాజరు పోస్టు కింద కొత్త అకౌంటు ఒకటి కనిపించింది. పాత రాతలు ఏమీ లేవు, పేరు పక్కన అంకె కూడా లేదు. ఇంగ్లీషు మధ్యలో "మా అత్తయ్య లేచేలోపు సీసా ఎక్కడ పారెయ్యాలో తెలియట్లేదు" అని రాసి ఉంది, అత్తయ్య అన్న మాట మాత్రం తెలుగులోనే. యంత్రం కూడా అలా రాయగలదని నాకు తెలుసు. పది నిమిషాలు ఆలోచించి, తెలుగులో మెసేజ్ పెట్టాను. "చెత్తబుట్టలో వద్దు, న్యూస్‌పేపర్లో చుట్టి ఆఫీసుకెళ్ళేటప్పుడు బ్యాగులో పట్టుకెళ్ళు. నేను అలాగే చేసేదాన్ని. ముందు గ్లాసు నిండా మంచినీళ్ళు తాగు."

ఏ ఊరని అడగలేదు. ఈ ఉదయం ఆమె అంకె 23.