సమాఖ్య సంస్కరణా, పిల్లల శిక్షణా: ముందు ఏది?

దేశంలో ఫుట్‌బాల్‌ను నడిపే సమాఖ్య పాలనను ముందు బాగుచేయాలా, పిల్లలకు ఆట నేర్పాలా? హనుమకొండ మైదానాల్లో ఫుట్‌బాల్ నేర్పేవారి మధ్య తరచూ వచ్చే ప్రశ్న ఇది.

ఖర్చు: సంస్కరణకు డబ్బుకన్నా స్పష్టమైన నియమావళి, సకాలంలో ఎన్నికలు, లెక్కల తనిఖీ ముఖ్యం. శిక్షణకు బంతులు, బూట్లు, కోచ్ జీతం, పోటీలకు ప్రయాణ ఖర్చులు ఏటా కావాలి.

శ్రమ: మొదటిది కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి సాగవచ్చు. రెండవది రోజువారీ పని. వచ్చే బంతిని అందుకోకముందే తల ఎత్తి చుట్టూ చూడడం పదేళ్ల పిల్లకు అలవాటు కావడానికే నెలలు పడుతుంది.

నష్టభయం: శిక్షణ విఫలమైతే నష్టం ఒక జట్టుకే పరిమితం, కానీ పాలన చెడితే అందరూ మూల్యం చెల్లిస్తారు. 2022 ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ పాలక సంస్థ ఫిఫా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసినప్పుడు, ఆసియా క్లబ్ పోటీకి తాష్కెంట్ చేరిన గోకులం కేరళ క్లబ్ అమ్మాయిలు ఆడకుండానే వెనుదిరిగారు. వారి తప్పేమీ లేకుండా జరిగిన ఈ అన్యాయాన్ని మరువకూడదు.

అనుకూలత: ఫుట్‌బాల్ సంఘంలో ఓటు, పలుకుబడి ఉన్నవారు సంస్కరణకే పట్టుబట్టాలి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు మాత్రం సమాఖ్య బాగుపడేదాకా ఆగనక్కరలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్, హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం కూడా ఉపాధ్యాయుడే.