అసలైన అశోక బెరడు దొరికే మూలికల కొట్టు, విజయనగరం

అశోక బెరడు ఎక్కడ కొంటున్నావని మా స్కూల్లో టీచర్లు అడుగుతున్నారు. గంటస్తంభం దగ్గర సందులో ఉన్న పాత మూలికల కొట్టులో. బోర్డు వెలిసిపోయింది గానీ గుమ్మంలోనే కరక్కాయల బస్తాలు కనిపిస్తాయి.

నాకు నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువ. లేడీ డాక్టరుకి చూపించుకుని, స్కానింగ్ అయ్యి, ఐరన్ మాత్రలు మొదలుపెట్టాకే ఆయుర్వేద డాక్టరు దగ్గరికెళ్లాను. ఆవిడ అశోక బెరడు పాలకషాయం రాశారు.

ఈ కొట్టులో పొడి ప్యాకెట్లు పెట్టరు. బెరడు ముక్కలే ఇస్తారు, కావాలంటే మన ఎదురుగానే దంచుతారు. నాకు కావలసింది అదే. స్కూళ్ల ముందు, ఆఫీసు గోడల వెంట నిటారుగా పెరిగేవాటిని అశోక అనుకుంటాం గానీ, అవి నరమామిడి చెట్లు. వాటి బెరడే అశోక పేరుతో మార్కెట్లో కలిసిపోతుంది. పొడి చేశాక ఏది ఏదో మనలాంటివాళ్లం పోల్చుకోలేం. కొట్టు నడిపే పెద్దాయన ఒక ముక్క విరిచి ఎర్రగోధుమ రంగులో ఉన్న లోపలి వైపు చూపించారు. "నాలిక మీద పెట్టుకో తల్లీ, వగరు తెలుస్తాది" అన్నారు. నిజంగానే నోరు పట్టేసింది.

నెల తప్పిన ఒకమ్మాయి ఇదే బెరడు అడిగితే, ముందు టెస్ట్ చేయించుకో, డాక్టరు చెప్తేనే ఇస్తానని పంపించేశారు. బేరం పోయినా ఫరవాలేదనుకునే మనిషి. ఆ రోజే నాకు నమ్మకం కుదిరింది.

10 గ్రాముల బెరడు నలగ్గొట్టి, 80 మి.లీ. పాలు, 320 మి.లీ. నీళ్లు పోసి, నీళ్లన్నీ ఇగిరి పాలు మిగిలేదాకా సన్న సెగ మీద మరగనివ్వాలి. వడగట్టి చల్లారాక తాగాలి. ఇది డాక్టరు నాకు చెప్పిన మోతాదు, మీది మీ డాక్టరుని అడగండి. అశోకారిష్టం సీసా అయితే ఈ పని తప్పుతుంది గానీ, అది పులియబెట్టిన మందు, కొంత ఆల్కహాల్ ఉంటుంది. నాకు కడుపులో మంట ఉంది కాబట్టి పాలే నయం.

ఇప్పుడు బ్లీడింగ్ తగ్గింది, స్కూలుకి సెలవు పెట్టే టెన్షన్ పోయింది. ఐరన్ మాత్రలు మాత్రం ఆపలేదు.

రేటు ప్యాకెట్ పొడి కంటే ఎక్కువే. మధ్యాహ్నం మూసేస్తారు, బిల్లు అడిగితేనే రాస్తారు. పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజుల్లో ఆ సందులోకి వెళ్లాలని చూడకండి. ఇంకో మాట, ఒకేసారి కిలో అడిగితే ఇవ్వరు. బెరడు కోసం ఒలిచేయడంతో అడవుల్లో అశోక చెట్లు తగ్గిపోతున్నాయి, అందుకే నెలకి సరిపడా తూచి ఇస్తారు.